తలుపు తీయగానే కాటుకొస్తున్న రెటిక్యులేటెడ్ కొండచిలువ: షిఫ్ట్ బాక్స్ కొలతల గురించి

ఉండేది టెక్సాస్, పర్మిట్ ఉంది. ఆడ పాము, 13 అడుగులు, 27 కిలోలు. 8 అడుగుల బోను, వెచ్చని వైపు 32, చల్లని వైపు 26 డిగ్రీలు. మూడు వారాలకోసారి 2 కిలోల కుందేలు, ఫ్రీజర్‌లోది కరిగించి పెడతాం.

రెండు నెలలుగా తలుపు జరిపిన రెండు మూడు సెకన్లకే మెడ ‘ఎస్’ ఆకారంలో మడిచి, నాలుక గబగబా ఆడిస్తూ హుక్‌నే (పామును జరిపే కొక్కెం కర్ర) పట్టి చుట్టేస్తోంది. బెదిరి వేసే కాటైతే కరిచి వదిలేసేది, ఇది మేత కాటే. మేత కాదని తెలిసేలా ముందుగా హుక్‌తో తట్టడం, వాసన తగలకుండా కుందేలును గ్యారేజీలో కరిగించడం, శుభ్రం చేసే రోజు మార్చడం, ఏదీ పనిచేయలేదు. ఇద్దరం లేకుండా తలుపు ముట్టం. మెడకు చుట్టుకుంటే ఒక్కరి వల్ల విడిపడదు.

బోను పక్కన షిఫ్ట్ బాక్స్ (బోను శుభ్రం చేసేటప్పుడు పాము వెళ్లి ఉండే, మూసేయగల పెట్టె) బిగించాలనుకుంటున్నాం. ఇంత పాము తనంతట తానే అందులోకి వెళ్లాలంటే ద్వారం ఎన్ని అంగుళాలు ఉండాలి?