కక్ష్యకు వంపా, వాలా? ట్రైటన్ మీద ఉత్తరాయణం అనవచ్చా?

ప్రశ్న:
పెద్దలకు నమస్కారం. బడిపిల్లల కోసం నెప్ట్యూన్ ఉపగ్రహం ట్రైటన్ గురించి వ్యాసం రాస్తున్నాను. “ట్రైటన్ కక్ష్య వంపు 157 డిగ్రీలు, అందువల్ల అక్కడి రుతువులు విచిత్రంగా ఉంటాయి” అన్న వాక్యం చదివినవారెవరికీ బోధపడలేదు. “వంపు” కంటే మంచి మాట ఉందా? అక్కడి సూర్యుడి గమనానికి “ఉత్తరాయణం” అని వాడితే తప్పా?

జవాబు:
వంపు వద్దండి. ఏటికి వంపు ఉంటుంది, కొడవలికి వంపు ఉంటుంది. ఆ లెక్కన ప్రతి కక్ష్యా వంపు తిరిగినదే. మీరు చెప్పదలచినది నెప్ట్యూన్ మధ్యరేఖ ఉన్న తలానికీ, ట్రైటన్ తిరిగే తలానికీ మధ్య ఉన్న కోణం. దానికి “వాలు” చక్కగా సరిపోతుంది. అక్షానికైతే “ఒరుగు” ఇంకా బాగుంటుంది: నెప్ట్యూన్ అక్షం 28 డిగ్రీలు ఒరిగి ఉంది, యురేనస్ అక్షం 98 డిగ్రీలు ఒరిగి దాదాపు పక్కకు పడుకుంది. “అక్షం వంగింది” అంటే పిల్లలు విల్లులా వంగిందనుకుంటారు.

మన పాత ఖగోళ సిద్ధాంత గ్రంథాల్లో దీనికి “విక్షేపం” అన్న మాట ఉంది. సూర్యసిద్ధాంతం చంద్రుడి పరమ (అన్నిటికంటే ఎక్కువ) విక్షేపాన్ని 270 కలలుగా (60 కలలు ఒక డిగ్రీ), అంటే నాలుగున్నర డిగ్రీలుగా చెప్పింది. నేటి లెక్క 5 డిగ్రీలకు కొంచెం ఎక్కువ. నాకు ఇష్టమైన మాటే, కానీ పిల్లలకు బరువు.

ఇక 157. కోణం 90 దాటిందంటే ఉపగ్రహం ఎదురు దిశలో తిరుగుతోందని అర్థం. 180లోంచి 157 తీసేస్తే 23. కాబట్టి “23 డిగ్రీలు వాలిన కక్ష్యలో, నెప్ట్యూన్ తన చుట్టూ తాను తిరిగే దిశకు ఎదురుగా తిరుగుతుంది” అని విడదీసి చెప్పండి.

మరొకరు:
మాస్టారూ, ఎదురు దిశకు “వక్రగతి” ఉంది కదా? “అపసవ్యం” కూడా వాడుకలో ఉంది.

జవాబు:
వక్రగతి గ్రహాలకు చెప్పేది, అమ్మా. కుజుడు కొన్నాళ్లు వెనక్కు నడిచినట్టు మన కంటికి కనిపిస్తాడు, నిజానికి నడవడు. ట్రైటన్ నిజంగానే ఎదురు తిరుగుతోంది. అపసవ్యంతో చిక్కు ఇంకా పెద్దది. మన పాఠ్యపుస్తకాల్లో అపసవ్య దిశ అంటే గడియారం ముళ్లకు వ్యతిరేక దిశ. ఉత్తరం పైనుంచి చూస్తే భూమి సూర్యుడి చుట్టూ, చంద్రుడు భూమి చుట్టూ తిరిగేది ఆ దిశలోనే. అలా చూస్తే ట్రైటన్‌దే సవ్య దిశ అవుతుంది! “ఎదురు దిశ” చాలు.

అసలు ప్రశ్న అయనం గురించి. అయనం అంటే నడక. దక్షిణపు కొసకు చేరిన సూర్యుడు ఉత్తరానికి మళ్లి నడిచే కాలం ఉత్తరాయణం. ఆ మాటలో చలి ఊసు లేదు, ఎండ ఊసు లేదు. ఏ లోకం నుంచి చూస్తే ఆ లోకపు ఆకాశంలో సూర్యుడి నడకను అది చెబుతుంది. ట్రైటన్‌కు ఇంతకంటే తగిన మాట నాకు కనబడదు.

నెప్ట్యూన్‌కు ఏడాది అంటే మన 165 ఏళ్లు. ట్రైటన్ ఎప్పుడూ ఒకే ముఖాన్ని నెప్ట్యూన్ వైపు ఉంచుతుంది, దాని అక్షం తన కక్ష్యకు నిటారుగా ఉంటుంది. అందువల్ల కక్ష్య వాలితే అక్షమూ ఒరిగినట్టే. నెప్ట్యూన్ నడుము దగ్గర ఉబ్బెత్తుగా ఉండటంతో, ఆ ఉబ్బు లాగుడుకు కక్ష్య వాలిన దిక్కు మెల్లగా తిరుగుతూ దాదాపు 7 శతాబ్దాలకు ఒక చుట్టు పూర్తిచేస్తుంది. 28 డిగ్రీల ఒరుగు, 23 డిగ్రీల వాలు ఒకవైపే కలిసిన కాలంలో సూర్యుడు 50 డిగ్రీల అక్షాంశం దాకా పోతాడు. అవి ఎదురెదురైన కాలంలో ఐదారు డిగ్రీల దగ్గరే మళ్లుతాడు. మన సూర్యుడు ఏటా ఇరవై మూడున్నర డిగ్రీల దగ్గర మళ్లుతాడు. అక్కడ ఏ ఏటి అయనం ఆ ఏటిదే.

2000 ప్రాంతంలో అక్కడ సూర్యుడు దక్షిణాన సుమారు 50 డిగ్రీల దాకా వెళ్లి మళ్లాడు. భూమి మీద మకరరేఖకూ (దక్షిణాన సూర్యుడు మళ్లే గీత) ధ్రువవృత్తానికీ (ఏడాదిలో కొన్నాళ్లు పొద్దు పొడవని, కొన్నాళ్లు కుంకని ప్రాంతపు అంచు) మధ్య బోలెడు నేల ఉంది. ట్రైటన్ మీద అప్పుడు మకరరేఖ 50కి పోయింది, ధ్రువవృత్తం 40కి దిగివచ్చింది. రెండూ ఒకదాన్నొకటి దాటేశాయి! దక్షిణాన 45 డిగ్రీల చోట సూర్యుడు నడినెత్తి దాకా వచ్చే ఆ ఏళ్లలో, ఉత్తరాన 45 డిగ్రీల చోట ఏళ్ల తరబడి పొద్దే పొడవదు. ఆ మళ్లింపుతో మొదలైన ఉత్తరాయణమే ఇప్పుడక్కడ నడుస్తోంది.

మరొకరు:
ఉత్తరాయణం అనగానే పిల్లలకు సంక్రాంతి గుర్తుకొస్తుందేమోనండి.

జవాబు:
రానివ్వండి, మంచిదే. సూర్యుడు నిజంగా మళ్లేది డిసెంబరు 21, 22 తేదీల్లో, మనం పండుగ చేసేది జనవరి 14, 15 తేదీల్లో. ఆ ఎడానికి కారణం అయనచలనం, భూమి అక్షం 26 వేల ఏళ్లకు తిరిగే చుట్టు. ట్రైటన్ కక్ష్య తిరిగే చుట్టును చెప్పడానికీ ఆ మాటే ఆసరా.

రుతువుల పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. శరత్తు, హేమంతం మన నేల పేర్లు. ట్రైటన్ మీద సున్నాకు దిగువన 235 డిగ్రీల చలి. ఎండ తగిలిన వైపు నైట్రోజన్ మంచు ఆవిరై, నీడ వైపు మళ్లీ పేరుకుంటుంది. 1989 ఆగస్టులో వాయేజర్ 2 వ్యోమనౌక చూసినప్పుడు దక్షిణార్ధంలో 8 కిలోమీటర్ల ఎత్తుకు నల్లని ధూళి చిమ్ముతోంది. వేసవి, చలికాలం అనండి, సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు మాస్టారూ. ఇలా మార్చాను: “ట్రైటన్ కక్ష్య 23 డిగ్రీలు వాలి ఉంది, నెప్ట్యూన్ అక్షం 28 డిగ్రీలు ఒరిగి ఉంది. రెండూ కలిసివచ్చిన కాలంలో వేసవి తీవ్రం, ఎదురుపడిన కాలంలో అంతంతమాత్రం.”

జవాబు:
బాగుంది. “ఎదురు దిశలో తిరుగుతుంది” అన్నది వదిలేశారు, మొదటి వాక్యంలోనే చేర్చండి.