ఏంచిన జొన్నల చాయ్: చాయ్‌పత్తకు బదులు పనికొస్తదా, ఉత్త మోజేనా?

దిండివాగు (దేవరకొండ)

అందరికి నమస్తే. ఇంట్ల పంచాయితీ తెగుతలేదు, జర మీరన్న చెప్పుర్రి. మా అమ్మకు పొద్దుగాల లేస్తే చాయ్, బాయికాడికి పోయే ముందట చాయ్, మాపటికి మళ్ల చాయ్. బువ్వ తిన్నంక కూడ గిలాసెడు పడాలె. రక్తం తక్కువున్నదని డాక్టర్ గోళీలు రాసిండు, అవి కూడ చాయ్‌తోనే మింగుతది.

మా చెల్లె హైదరాబాద్‌ల కొరియా వంటల హోటల్‌ల తాగొచ్చి, బార్లీ గింజలు నల్లగ ఏంచి మరగబెట్టి అమ్మకు చాయ్ మాన్పియ్యమంటది. బార్లీ ఎందుకు, ఇంట్ల బస్తా పచ్చజొన్నలున్నయి గద అని నేను. మా చిన్నాయిన మాత్రం "తినే గింజను మాడబెట్టి, నీళ్లు తాగి, గింజ పారబోసుడు ఎక్కడి సదువు?" అని గరమైతుండు. దీనికి తోడు వాట్సప్‌ల ఒక ముచ్చట తిరుగుతుంది, ఏంచిన జొన్న నీళ్లు నెల రోజులు తాగితే ఒంట్లున్న ఫ్లోరిన్ కడుక్కపోతదని. మాది ఫ్లోరిన్ నీళ్లు తాగి పెరిగిన ఊరే. అమ్మకు అదే ఎక్కువ నచ్చింది. ఏం చెయ్యమంటరు?

పాలమూరు_రొట్టె (మక్తల్)

ఆలోచనెందుకు తమ్మీ, మొదలుపెట్టు. జపానోళ్లు ఎండాకాలమంతా ఏంచిన బార్లీ నీళ్లే చల్లగ తాగుతరు, ముగిచ అంటరు. కొరియాల దాన్ని మంచినీళ్లకు బదులు పెట్టే ఇండ్లున్నయి, మక్కలు ఏంచి కూడ కాస్తరు. గింజ ఏంచుడు మనకేం కొత్త? తొలి ఏకాదశికి మంగలంల జొన్నపేలాలు ఏంచి, బెల్లం కలిపి పిండి దంచుకునేటోళ్లం కాదా. కెఫీన్ ఉండదు కాబట్టి మాపటికి తాగినా నిద్ర చెడదు. చాయ్‌పత్త అస్సాం నుంచి రావాలె, జొన్న మన చెల్కల పండుతది.

చాయ్‌బండి (నల్లగొండ టౌన్)

పాలు పొయ్యొచ్చా లేదా? ముందు అది చెప్పుర్రి, తర్వాత కొట్లాడుకోర్రి. పాలు లేకుంటే క్లాక్ టవర్ కాడ ఒక్కడు కూడ పైసలియ్యడు.

అచ్చంపేట_కాపు

నేను చిన్నాయిన దిక్కే. జొన్న సత్తువ గింజల ఉంటది, రంగునీళ్లల్ల కాదు. తైదల (రాగుల) సంగతి కూడ అంతే, 100 గ్రాములల్ల దగ్గర దగ్గర 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటది. పిండి పట్టించి అంబలి కాస్తే అదంత కడుపుల పడ్తది. ఏంచి, మరగబెట్టి, వడపోసి గింజను పడేస్తే నీళ్లల్లకు ఎంత దిగుతది? 2023ని ప్రపంచ చిరుధాన్యాల సంవత్సరమన్నప్పటి సంది మనం బర్లకేసే గింజకు కూడ రంగు ప్యాకెట్ తొడిగి అమ్ముతుండ్రు. ఇప్పుడు దాన్ని మాడబెట్టి అమ్మేటోళ్లు మోపైనరు.

అయినా చేసుకుంటమంటె ఏ జొన్న అన్నది చూసుకోర్రి. విత్తనాల ప్యాకెట్ల మిగిలిన గులాబి రంగు గింజలు మందు పట్టించినయి, ఎంత కడిగినా తినేటందుకు పనికిరావు. వానకాలం పంట కంకి మీదనే తడిసి నల్లబడ్డ జొన్న కూడ వద్దు. బూజు ఇడిసిన విషం ఏంచినంత మాత్రాన పోదు. రొట్టె చేసేటప్పుడైతే నల్లగింజ కంటికి కనవడ్తది, ఏరి పారేస్తం. నల్లగ ఏంచినంక మంచిదేది, చెడ్డదేది ఎట్ల తెలుస్తది? యాసంగి జొన్నకు ఈ బాధ తక్కువ.

నీళ్లట్యాంకు (మునుగోడు)

వాట్సప్ ముచ్చట గురించి ఎవ్వరు మాట్లాడుతలేరు, అసలు భయపడాల్సింది దానికే. నేను నీళ్ల పనిల ఉన్న కాబట్టి కొంచెం పొడుగ్గ రాస్త.

ఫ్లోరైడ్ (మనోళ్లు ఫ్లోరిన్ అనేది) మరగబెడితే పోదు. నీళ్లు ఆవిరైతయి, ఫ్లోరైడ్ గిన్నెలనే ఉంటది. తాగునీళ్లల్ల లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలె, వేరే నీళ్లు దొరకనిచోట ఎక్కువల ఎక్కువ 1.5 దాక అని మన దేశంల ప్రమాణం. ఆ 1.5 ఉన్న లీటరు నీళ్లు పొయ్యి మీద మరిగి ముప్పావు లీటరైతే లీటరు లెక్కన 2 మిల్లీగ్రాములైతది. అంటె బోరునీళ్లతోని జొన్న చాయ్ పది నిమిషాలు ఎక్కువ మరగబెట్టినకొద్ది ఫ్లోరైడ్‌ను చిక్కగ చేసుకుంటున్నట్టే. దాన్ని తియ్యాలంటె వేరే పని ఉంటది. మన జిల్లా పేరే పెట్టిన నల్లగొండ పద్ధతి, నాగ్‌పూర్‌ల ఉన్న నీరి సంస్థోళ్లు చేసింది, అండ్ల పటిక, సున్నం కలిపి, తిప్పి, పేరబెట్టి, పైనీళ్లు తీసుకోవాలె. జొన్న ఏంచితే అది పటిక కాదు గద.

ఇంకో సంగతి జొన్నను మెచ్చుకునేటోళ్లకు నచ్చదు. మన దిక్కు ఫ్లోరైడ్ నీళ్ల ఊర్లల్ల పడుచు పిల్లల మోకాళ్లు లోపలికి ఒంగిపోవుడు మీద హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థోళ్లు 1973ల రాసినరు. అటెనుక మనుషులకు జొన్న తిండి, బియ్యం తిండి పెట్టి చూస్తె, జొన్న తిన్నప్పుడే ఫ్లోరైడ్ ఒంట్ల ఎక్కువ నిలిచిందని 1977ల అదే సంస్థోళ్లు రాసినరు. వాట్సప్‌ల తిరిగేదానికి ఇది ఉల్టా. చింతపండు తిన్న పిల్లల మూత్రంల ఫ్లోరైడ్ ఎక్కువ పోయిందని కూడ వాళ్లే చూసినరు, కాబట్టి మెసేజ్ పంపాల్నంటె చారు గురించి పంపుర్రి.

పాలమూరు_రొట్టె (మక్తల్)

అంటె మా జొన్న రొట్టె మీద కేసు పెడ్తున్నరా అన్నా? మా తాతలు మూడు పూటలు జొన్ననే తిన్నరు. గట్క, రొట్టె, అంబలి. వాళ్ల మోకాళ్లు మంచిగనే ఉండె.

నీళ్లట్యాంకు (మునుగోడు)

మీ తాతలు తాగిన బాయినీళ్లల్ల ఫ్లోరైడ్ తక్కువుండొచ్చు. తప్పు నీళ్లది, జొన్నది కాదు. నీళ్లు మంచిగుంటె రొట్టెతోని ఏ ఇబ్బంది లేదు. ఆ పరీక్ష కూడ జొన్న తిన్నోళ్ల మీద చేసింది, వడపోసిన నీళ్ల మీద కాదు, కాబట్టి జొన్న చాయ్ చెడ్డదని నేనంటలేను. మందు అని నమ్మి బోరునీళ్లతోని కాసుకుని తాగొద్దంటున్న, అంతే. 2016 నుంచి మిషన్ భగీరథ పైపులు వచ్చినయి, మా దిక్కు కృష్ణా నీళ్లే వస్తున్నయి. అయినా నల్లా నీళ్లు చప్పగున్నయని చాయ్‌కు బోరునీళ్లు పట్టుకునే ఇండ్లు ఇప్పటికి చూస్త. చాయ్ రుచి కోసం అట!

పాలమూరు_రొట్టె (మక్తల్)

సరే, మరి చాయ్‌పత్తల కూడ ఫ్లోరైడ్ ఉంటదంటరు, దాని గురించి ఒక్క ముక్క రాయకపోతిరి?

నీళ్లట్యాంకు (మునుగోడు)

ఉంటది, అక్కడ మీ మాటే గట్టిది. చాయ్ చెట్టు నేలల ఉన్న ఫ్లోరైడ్‌ను గుంజి ఆకుల దాచుకుంటది. లేతాకు కంటె ముదురాకుల ఎక్కువ. చాయ్‌పత్త మరగబెడితే అది నీళ్లల్లకు దిగుతది. నీళ్లల్ల ముందే ఉన్న ఫ్లోరైడ్‌కు చాయ్‌పత్తది తోడైతది. అందుకే మా దిక్కోళ్లు చాయ్ తగ్గిస్తె మంచిదే. తగ్గించినదాని జాగల జొన్నది తాగినా, మజ్జిగ తాగినా నాకు ఒకటే.

రెండో_షిఫ్టు (మిర్యాలగూడ)

నేను ఆసుపత్రిలో పనిచేస్తాను. దిండివాగు గారూ, మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికంటే ముందు కనిపించింది ఐరన్ గోళీలు చాయ్‌తో మింగడం. చాయ్‌లో వగరునిచ్చే టానిన్లు ఐరన్‌ను పట్టుకుని ఒంటికి పట్టనివ్వవు. ఈ ఒక్కటి మారిస్తే జొన్న చాయ్ ఉన్నా లేకున్నా మీ అమ్మగారికి మేలే. భోజనానికి గంట ముందు, గంట తర్వాత చాయ్, కాఫీ వద్దని 2024లో వచ్చిన పోషకాహార సంస్థ మార్గదర్శకాల్లో కూడా ఉంది. అన్నం తర్వాత గిలాసెడు వేడిగా పడాల్సిందే అంటున్నారు కదా, ఆ గిలాసుకు వేయించిన గింజల నీళ్లు సరిపోతాయి. ముదురు రంగు జొన్న రకాల్లో కొన్నిటికి టానిన్లు ఉంటాయి, కాబట్టి తెల్లజొన్న, పచ్చజొన్న మేలు. గోళీ మాత్రం నిమ్మరసం కలిపిన నీళ్లతో వేసుకోమనండి.

బార్లీ గురించి ఒక జాగ్రత్త. అందులో గ్లూటెన్ ఉంటుంది, గోధుమ పడని జబ్బున్నవాళ్లు వేయించినా తాగకూడదు. జొన్న, తైదలు, సజ్జ, మక్కలకు ఆ బాధ లేదు.

"మాడిస్తే క్యాన్సర్" అని ఎవరో ఒకరు అంటారు కనుక అదీ చెప్తాను. గింజ బాగా వేడెక్కితే అందులోని చక్కెరలు, ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం కలిసి, ఆ భయానికి కారణమైన అక్రిలమైడ్ పుడుతుంది. తిండిలో అది ఉందని 2002లో స్వీడన్ వాళ్లు బయటపెట్టారు. నీళ్లలో కరిగే రకం కాబట్టి గిలాసులోకీ వస్తుంది. కాఫీపొడిలోనూ ఉంటుంది, చిప్సులోనూ ఉంటుంది. అది ఇంతకు మించకుండా చూసుకోవాలని యూరప్‌లో 2017లో పెట్టుకున్న లెక్క ప్రకారం వేయించిన కాఫీకి కిలోకు 400 మైక్రోగ్రాములు, ధాన్యంతో చేసే కాఫీ లాంటి పొడులకు 500. అంటే కాఫీ తాగేవాళ్లు దీన్ని చూసి ప్రత్యేకంగా భయపడాల్సిందేమీ లేదు, అలాగని రోజంతా మంచినీళ్లకు బదులు ఇదే తాగమని నేను చెప్పను.

షుగర్ తగ్గుతుంది, బరువు తగ్గుతుంది అనేవి పట్టించుకోకండి. తగ్గేదల్లా చాయ్‌లో వేసే శక్కరి, అది మానేస్తే ఏ చాయ్‌తోనైనా తగ్గుతుంది.

గంజుమూత (వనపర్తి)

అందరు మంచి చెడ్డ చెప్పిండ్రు, ఎట్ల ఏంచాల్నో మాత్రం ఒక్కరు చెప్తలేరు. తమ్మీ, ఇను.

జొన్నలు చాటల చెరిగి, రాళ్లేరి, కడిగి, పలుచగ ఆరబొయ్యి. నెమ్ము అస్సలు ఉండొద్దు. తడి ఉండి మంట పెద్దగుంటె పేలాలైతయి, పేలాలు చాయ్‌కు పనికిరావు, పీచులెక్క తేలి నీళ్లు మడ్డిగైతయి. మందంగున్న ఇనుప మూకుడు పెట్టు, నాన్‌స్టిక్‌ది వద్దు, ఉత్త గిన్నె అంతసేపు కాగొద్దు దానికి. అడుగు కనవడకుండ ఒక్క వరస గింజలే పొయ్యి, ఎక్కువ పోస్తె కిందియి మాడి మీదియి పచ్చిగుంటయి. సన్న మంట మీద చెయ్యి ఆపకుండ తిప్పు. ముందు పచ్చివాసన పోతది, తర్వాత పేలాల వాసన, అటెనుక రొట్టె అంచు మాడిన వాసన. అప్పుడు ఒక గింజ తీసి కొరుకు. లోపలి పిండి కూడ గోధుమరంగు తిరిగితె దించు. పైన నల్లగ, లోపల తెల్లగ ఉంటె మంట ఎక్కువైనట్టు, ఆ వాయి చేదొస్తది. దించంగనే వెడల్పు పళ్లెంల పొయ్యాలె, మూకుట్లనే ఇడిస్తె ఆ వేడికే ఇంకింత మాడుతయి. చల్లారినంక డబ్బల పోసి గట్టిగ మూతపెట్టు.

లీటరు నీళ్లకు రెండు పెద్ద చెంచాలు. నీళ్లు మసిలినంక ఏసి, మంట తగ్గించి పది నిమిషాలు, దించి ఐదు నిమిషాలు మూత. ఎంటనే వడగట్టు, గింజలు నీళ్లల్లనే ఉంటె ఒగరు, తర్వాత పులుపు. కచ్చపచ్చ దంచి ఏస్తె రంగు తొందరగ దిగుతది గని గంజి లెక్క చిక్కబడ్తది, నాకైతె నచ్చదు. ఎండాకాలం రంజన్ల పోసి పెడ్తమంటరు కొందరు. పొద్దున పోసింది మాపటిలోపల అయిపోవాలె, రాత్రి దాక ఉంటె పులిసిపోతది, రంజన్‌కు కూడ ఆ వాసన పడ్తది. ఫ్రిజ్‌ల అయితె రెండు దినాలు.

కిరాణంల దొరికే బార్లీ పొట్టు తీసి నున్నగ పాలిష్ పట్టింది. జపానోళ్లది పొట్టుతోనే ఏంచుతరు. కాబట్టి మనదాంతోని ఆ రుచి రాదు, పిండినీళ్లు వస్తయి. జొన్నకు ఆ తిప్పలు లేదు, ఉన్న పొట్టుతోనే ఏంచుతం.

చాయ్‌బండి అన్నా, పాలు పొయ్యొచ్చు, ఇరగవు. గని నీళ్లు తగ్గించి చిక్కగ కాసి పొయ్యాలె. బెల్లం అయితె దించినంకనే.

పాలమూరు_రొట్టె (మక్తల్)

అక్కా, ఇనుప మూకుడు కాదు, మంగలమే. మట్టి వేడి నిలకడగుంటది.

గంజుమూత (వనపర్తి)

మంగలం ఉంటె మంచిదే, కట్టెల పొయ్యి కూడ ఉండాలె గద దానికి. గ్యాస్ మంట ఒక్కకాడ తగిలితె పగులుతది. కిస్తీల మీద కొన్న స్టవ్ మీద చిన్నమ్మ ఇచ్చిన మంగలం పగులగొట్టుకోమంటవా?

దిండివాగు (దేవరకొండ)

అందరికి శనార్థులు. అమ్మ పొద్దటి చాయ్ ముట్టను, ముడితె ఇల్లిడిసి పోతది. బువ్వ తర్వాతది, మాపటిది మారుస్త. గోళీలు రేపటి నుంచి నిమ్మకాయ నీళ్లతోని. నీళ్లు నల్లావే, బోరుది కాదు. ఫ్లోరిన్ పోతదని మాత్రం అమ్మకు చెప్పను, ఆ మెసేజ్ పంపిన బావకు నీళ్లట్యాంకు అన్న రాసింది పంపిన. జొన్నలు కొన్ని, తైదలు కొన్ని ఏంచి చూద్దామనుకుంటున్న. రెండు కలిపి ఏంచొచ్చా అక్కా?

గంజుమూత (వనపర్తి)

కలపొద్దు. తైద గింజ చిన్నది, జొన్న రంగు తిరిగేలోపల అది బొగ్గైతది. వేరేవేరే ఏంచి, డబ్బల కలుపుకో. తైదలు ఏంచేటప్పుడు మొఖం దూరం పెట్టు, చిటపట ఎగురుతయి. చాయ్ జల్లెడల నిలువయి, సన్నబట్టతోని వడగట్టు.

అచ్చంపేట_కాపు

కాచిన గింజలు కోళ్లకెయ్యి తమ్మీ. పారబోస్తలేవని చూస్తె చిన్నాయిన కొంచెమన్న చల్లబడ్తడు.