సమస్యాపూరణం: ఎలుగు, పుట్టగొడుగు

సమస్య: *ఎలుగు తిండి గొడుగు నెత్తి పట్టె*

ఛందస్సు ఆటవెలది. ఇచ్చింది నాలుగో పాదం. బేసి పాదాలకు 3 సూర్యగణాలు, 2 ఇంద్రగణాలు. సరి పాదాలకు 5 సూర్యగణాలు. నాలుగో గణం మొదట యతి. ఎలుగునూ పుట్టగొడుగునూ పోల్చాలి, జీవశాస్త్రం తప్పకూడదు. ‘ఎలుగు తిండి’ అంటే చెదలు, ‘గొడుగు’ అంటే వాటి పుట్ట మీది పుట్టగొడుగు.

ఒకటో పూరణ

ఆకు మోసి తెచ్చి యడుగున తోటలో
బూజు పెంచు చెదలు పుట్టలోన
వాన తడుప నేలపైకి లేచెను కాడ;
ఎలుగు తిండి గొడుగు నెత్తి పట్టె

— ఆర్యా, ధార బాగుంది, యతులు కుదిరాయి. కానీ ఆకును మోసుకెళ్ళి దాని మీద బూజు పెంచేవి అమెరికా ఖండాల ఆకుకోత చీమలు. మన చెదలు ఎండుటాకు, కట్టె మేసి, లోపల విసర్జించి, ఆ పెంటతో తుట్టె కడతాయి. ఈ పుట్టగొడుగును పుట్టించే టెర్మిటోమైసిస్ శిలీంధ్రం (పద్యంలోని బూజు) పెరిగేది దాని మీదే. “ఆకు మేసి వచ్చి యడుగున పెంటతో” అంటే గణాలూ చెడవు. ‘కాడ’ చక్కని మాట: తుట్టె నుంచి నేల మీది గొడుగు దాకా వేరులా సాగేది అదే, పైన పట్టి లాగితే తెగి అడుగుభాగం మట్టిలోనే ఉండిపోతుంది.

రెండో పూరణ

ముందు పండ్లు లేని మూతి సందున గాలి
ఊది మట్టి, పురుగు నొక్కసారి
ముక్కు మూసి పీల్చు, మొన్నటి వానకే
యెలుగు తిండి గొడుగు నెత్తి పట్టె

— ఇది చదివితే ఎలుగుది బోసినోరనిపిస్తుంది. లేనివి పైవరుస నడిమి రెండే. “నడిమి పండ్లు లేని నాళాన గాలిని” అనండి; ‘గాలి/ఊది’ విసంధి (సంధి జరగకపోవడం) కూడా పోతుంది (‘గాలిని’ ద్రుతప్రకృతికం, అంటే చివర నకారం గల పదం గనుక రెండో పాదం ‘నూది’ అని మొదలవ్వాలి). పీల్చేదెవరో పద్యంలో లేదు, ‘ఎలుగు’ వచ్చినా అది ‘తిండి’కి విశేషణమే. మూడో పాదం “మెకము ముక్కు మూసి మింగును; వానకే” అయితే కర్త దొరుకుతుంది. ముక్కు మూయడం మాత్రం అక్షరాలా నిజం: ముక్కుపుటాలు మూసుకోగలదు, అందుకే దుమ్ము లోపలికి పోదు.

మూడో పూరణ

గోరు దించి యొకటి గోడలు కూల్చును
కూడు వండి యొకటి కొలువు జేయు
చెదలె రెంటి కండ చిత్రమే చూడుడీ;
ఎలుగు తిండి గొడుగు నెత్తి పట్టె

— అడిగిన పోలిక ఇందులోనే ఉంది. ‘కూడు వండి’ ఎంత బిగువైన మాట! చెదలు అరిగించుకోలేని లిగ్నిన్‌ను (కట్టెకు గట్టిదనమిచ్చే పదార్థాన్ని) విడగొట్టి పెట్టేది శిలీంధ్రమే. ఒక్క ‘చెదలె’ దగ్గరే పేచీ. శిలీంధ్రానికి చెదలు లేనిదే బతుకు లేదు, ఎలుగుకు ఇప్పపూలు, రేలకాయలు, నేరేడు, తేనె కూడా ఉన్నాయి. “చెదలు రెంటి కండ” చాలు.