తిరుపతి క్యాంపస్‌లో లాటిన్ అమెరికా వారసత్వ సాయంత్రం: తేదీ, పేరు, వంట ఎట్లా పెట్టుకోవాలి?

అడిగినవారు: స్పానిష్_తరగతి

అందరికీ నమస్కారం. తిరుపతిలో మా విశ్వవిద్యాలయంలో స్పానిష్ నేర్చుకునేవాళ్ళం 14 మందిమి. ఈ ఏడు ఎక్స్ఛేంజి మీద ముగ్గురు విద్యార్థులు వచ్చినారు: మెక్సికో, కొలంబియా, బ్రెజిల్ నుంచి ఒక్కొక్కరు. సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 దాకా అమెరికా క్యాంపసుల్లో జరుపుకునే 'హిస్పానిక్ వారసత్వ మాసం'లో ఇక్కడ కూడా ఒక సాయంత్రం పెట్టాలని ఉంది. 120 మంది వస్తారు. శాకాహారమే, గుడ్డు కూడా వద్దన్నారు. సెమినార్ హాలు, దాని ముందున్న వరండా ఇస్తారు. హాస్టల్ వంటగది ముందు రోజు సాయంత్రం నుంచి వాడుకోవచ్చు.

ఇప్పటిదాకా కమిటీలో వచ్చిన ఆలోచనలు: పెద్ద టోపీలు, అట్ట మీసాలు, నాచోస్, బంతిపూలతో 'చనిపోయినవాళ్ళ పండగ' బల్ల. ఇవన్నీ సరైనవేనా? మొక్కజొన్న పిండితో తోర్తియా (మెక్సికో రొట్టె) చేస్తే విరిగిపోతోంది, ఎందుకు? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

తుమ్మలగుంట_రోడ్డు

టోపీలు, మీసాలు తీసేయండి. అది మెక్సికో మీద బయటివాళ్ళు వేసే వేషం. కొలంబియా, బ్రెజిల్ వాళ్ళకు దాంతో సంబంధమే లేదు. మనకు పంచె కట్టించి పాము బుట్ట చేతికిచ్చి 'ఇండియా డే' అంటే ఎట్లుంటుందో అట్లుంటుంది.

తేదీ సంగతి. సెప్టెంబరు 15 ఊరికే పెట్టుకున్నది కాదు. కోస్టారికా, ఎల్ సాల్వడోర్, గ్వాటెమాలా, హోండురాస్, నికరాగువా 1821లో స్పెయిన్ నుంచి విడిపోయిన రోజు అది. 16 మెక్సికోది, 18 చిలీది. అమెరికాలో 1968లో వారంగా మొదలుపెట్టినారు, 1988లో 30 రోజులు చేసినారు. అక్టోబరు 12 మాత్రం వద్దు. కొలంబస్ అక్కడ దిగిన రోజది, అక్కడి ఆదివాసీలకు అది పండగ కాదు.

తిరుపతి లెక్క వేరే ఉంది. బ్రహ్మోత్సవాలు, దసరా సెలవులు సెప్టెంబరు, అక్టోబరు మధ్యే పడతాయి. ఆ తొమ్మిది రోజుల్లో బయటినుంచి ఎవరినైనా పిలిస్తే గది దొరకదు, గరుడసేవ నాడు ఊళ్ళో బండి కదలదు. అక్టోబరు సగం దాటితే ఈశాన్య రుతుపవనాల వాన, వరండా పనికిరాదు. ముందు ఆ ఏటి పంచాంగం చూడండి. ఉత్సవాలు అడ్డం రాకపోతే సెప్టెంబరు 15, 18 మధ్య ఒక సాయంత్రం పట్టుకోండి.

పేరు దగ్గర అందరూ తప్పు చేస్తారు. 'హిస్పానిక్' అంటే స్పానిష్ భాషా మూలం ఉన్నవాళ్ళు. బ్రెజిల్ వాళ్ళది పోర్చుగీసు, కాబట్టి బ్యానరు మీద ఆ మాట వేస్తే మీ ముగ్గురిలో ఒకరిని గేటు బయట నిలబెట్టినట్టే. 'లాటినో' అంటే లాటిన్ అమెరికా మూలం. అందులో బ్రెజిల్ ఉంటుంది, స్పెయిన్ ఉండదు. లాటినో పుంలింగం, లాటినా స్త్రీలింగం. ఆ రెంటికీ కట్టుబడని మాట కోసం అమెరికాలో 'లాటిన్ఎక్స్' వాడుకలోకి వచ్చింది. అయితే అక్కడి సర్వే సంస్థ ప్యూ రీసెర్చ్ 2020లో చెప్పినదాన్ని బట్టి, అక్కడి హిస్పానిక్ పెద్దల్లో తమను ఆ మాటతో చెప్పుకునేవాళ్ళు 3 శాతమే. స్పానిష్ నోటికి ఆ ఎక్స్ సరిగా తిరగదు, అందుకే కొందరు 'లాటినే' అంటారు. మీరు తేల్చే విషయం కాదిది. ఆ ముగ్గురినీ అడిగి, వాళ్ళు చెప్పిన మాటే వేయండి. దాని కింద మూడు దేశాల పేర్లూ ఒకే సైజులో రాయండి.

వాళ్ళ ఇంటివాళ్ళనో అధ్యాపకులనో వీడియోలో కలపాలంటే సాయంత్రం 6:30 మంచి సమయం. అప్పుడు మెక్సికో నగరంలో ఉదయం 7, బొగొతాలో 8, సావో పావ్లోలో 10. మీరు పొద్దున పెట్టుకుంటే అక్కడ నడిరాత్రి.

రోటిపచ్చడి

తోర్తియా గురించి నేను చెప్తాను. విరిగేది మీ చేతి తప్పు వల్ల కాదు, పిండి తప్పు వల్ల. అంగట్లో దొరికే మొక్కజొన్న పిండి ఉత్త గింజ ఆడించినది. మెక్సికోలో గింజను సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బుతారు. సున్నం గింజ పైతోలును కరిగిస్తుంది, పిండికి జిగురు తెస్తుంది. గింజలో చిక్కుకుపోయిన నియాసిన్ అనే బి విటమిన్‌ను కూడా ఒంటికి పట్టేటట్టు విడిపిస్తుంది. యూరప్ వాళ్ళు మొక్కజొన్నను తీసుకుపోయి ఈ పద్ధతిని అక్కడే వదిలేసినారు. తరవాత మొక్కజొన్నే తిండిగా బతికిన పేదవాళ్ళకు ఆ విటమిన్ చాలక పెల్లగ్రా జబ్బు పట్టుకుంది. మీ ప్రదర్శనలో ఈ ఒక్క సంగతి చెప్పినా చాలు, ఆ ఆదివాసీ ఆడవాళ్ళ విద్య ఎంత గొప్పదో తెలుస్తుంది.

120 మందికి తలా రెండు, అంటే 240. కిలో ఎండు గింజకు దగ్గర దగ్గర 60 వస్తాయి. విరిగేవి, మాడేవి పోతాయి కాబట్టి 5 కిలోలు పెట్టుకోండి.

గింజ: తిండికి అమ్మే ఎండు మొక్కజొన్న. విత్తనాల అంగడిది వద్దే వద్దు, దానికి మందు పూసి ఉంటుంది. కోళ్ళ దాణాకు వచ్చేదీ వద్దు, బూజు ఉండచ్చు. స్వీట్‌కార్న్‌తో ఈ పని కాదు.

సున్నం: తినే పొడి సున్నం 50 గ్రాములు, అంటే గింజ బరువులో నూటికి ఒక వంతు. తాంబూలపు సున్నమైతే తడిగా ఉంటుంది కాబట్టి 100 గ్రాములు. రంగు, వాసన కలపనిది చూసుకోండి. గోడకు కొట్టేది వాడకూడదు.

నీళ్ళు 15 లీటర్లు. గిన్నె స్టీలుదే కావాలి, అల్యూమినియాన్ని సున్నం తినేస్తుంది.

సున్నం నీళ్ళలో కలిపి, గింజ వేసి, కాగినాక సన్న మంట మీద 45 నిమిషాలు ఉంచండి. మన పసుపు గింజ గట్టిది, గంట దాటినా దాటుతుంది. రెండు వేళ్ళ మధ్య నలిపితే తోలు జారిపోవాల, కొరికితే నడుమ కొంచెం తెల్లగా పలుకు ఉండాల. పూర్తిగా ఉడికిందా, రుబ్బినాక బంక అయిపోతుంది. పొయ్యి ఆర్పి 10, 12 గంటలు అట్లే మూతపెట్టి వదిలేయండి. మీకు ముందు రోజు సాయంత్రం నుంచే వంటగది ఉంది కాబట్టి కుదురుతుంది.

పొద్దున రెండు మూడు నీళ్ళు కడగండి. తక్కువ కడిగితే నాలిక మీద సబ్బు రుచి. తోలంతా పోయేదాకా రుద్ది కడిగితే పిండి అంటుకోదు. కడిగేటప్పుడు చేతులకు గ్లౌజులు. ఇడ్లీ గ్రైండర్లో, నీళ్ళు చిలకరించి మాత్రమే రుబ్బాల. మిక్సీ వద్దు: వేడెక్కుతుంది, తిరగడానికి నీళ్ళు అడుగుతుంది, పిండి జారైపోతుంది.

30 గ్రాముల ఉండ చేసి, కత్తిరించిన పాల కవర్ల మధ్య పెట్టి పూరీ ప్రెస్‌తో నొక్కండి. 12 సెంటీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం. అంచు పగిలితే పిండికి తడి చాలలేదని, కవరుకు అంటితే తడి ఎక్కువైందని అర్థం. బాగా కాలిన పెనం మీద నూనె లేకుండా ఒక పక్క అర నిమిషం, రెండో పక్క ముప్పావు నిమిషం, మళ్ళీ తిప్పితే పొంగుతుంది. తీసి గుడ్డలో చుట్టి హాట్‌బాక్స్‌లో పెట్టండి. ఆ పది నిమిషాల ఆవిరిలోనే మెత్తబడుతుంది. పెనం మీదినుంచి నేరుగా పళ్ళెంలోకి వేస్తే అప్పడమే.

ఇదంతా కుదరదనుకుంటే గోధుమపిండితో చేయండి, ఉత్తర మెక్సికోలో గోధుమ తోర్తియానే వాడుక. ఉత్త మొక్కజొన్న పిండిలో మైదా కలిపి 'అసలైన తోర్తియా' అని బోర్డు మాత్రం పెట్టద్దు.

సాల్సా అంటే మన రోటి పచ్చడికి చుట్టం. వాళ్ళ రాతి రోలు పేరు మోల్కహేతే. పచ్చి సాల్సా కోసిన గంటకే నీళ్ళు వదులుతుంది, మన ఎండకు పులుస్తుంది. కాల్చినది చేయండి: టమోటా 4 కిలోలు, ఎర్రగడ్డలు ముప్పావు కిలో, పచ్చిమిరప 100 గ్రాములు పెనం మీద నల్ల మచ్చలు పడేదాకా కాల్చి, కచ్చాపచ్చాగా నూరి, 12 నిమ్మకాయలు పిండి, 40 గ్రాముల ఉప్పు, మూడు కట్టల కొత్తిమీర వేయండి.

కొలంబియాకు పతకోనెస్. కూర అరటికాయలు 70. చెక్కు తీసి రెండు వేళ్ళ మందాన కోసి, మధ్యరకం మంట మీద నాలుగైదు నిమిషాలు వేయించి తీయండి. స్టీలు గ్లాసు అడుగుతో అదిమి, ఉప్పు చల్లి, బాగా కాగిన నూనెలో ఇంకో రెండు నిమిషాలు. కాయ దోరగా ఉంటే అదిమేటప్పుడు అంటుకుంటుంది, రెండో వేపులో మాడుతుంది.

బ్రెజిల్‌కు బ్రిగదేరో అనే చాక్లెట్ ఉండలు: కండెన్స్‌డ్ మిల్క్ 400 గ్రాముల డబ్బా, కోకో 3 చెంచాలు, వెన్న ఒక చెంచా. సన్న మంట మీద కలుపుతూ, అడుగు వదిలేదాకా 10 నిమిషాలు. ఒక డబ్బాకు 25 ఉండలు, మీకు 5 డబ్బాలు.

తాగడానికి చింతపండు నీళ్ళు. మెక్సికోలో ఆగ్వా దె తమరిందో అని బండ్ల మీద అమ్ముతారు. చింతపండు 1.5 కిలో, చక్కెర 3 కిలోలు, నీళ్ళు 30 లీటర్లు. ఎర్ర గోంగూర కాయల పైరేకులతో చేసే ఆగ్వా దె హమైకా ఇంకా బాగుంటుంది గానీ ఇక్కడ ఆ కాయ చలికాలానిది, సెప్టెంబరులో ఎండువి దొరికితేనే.

బంతితోట

రోటిపచ్చడి గారూ, నిక్షేపంలాంటి పోస్టు. ప్రదర్శన గోడకు నాదొక సలహా: దేశాల జెండాలు, నృత్యాల బొమ్మలు కాకుండా 'మన వంటింట్లో వాళ్ళ పంట' అని ఒక బల్ల పెట్టండి. మిరపకాయ, టమోటా, ఉర్లగడ్డ, శెనక్కాయలు, మొక్కజొన్న, జామ, బొప్పాయి, సీతాఫలం, జీడిపప్పు, రాజ్మా, చివరికి గుమ్మానికి కట్టే బంతి కూడా ఆ ఖండంనుంచి వచ్చినవే. ఒక్కోదాన్ని మట్టి మూకుడులో పోసి, ముందు ఏ ప్రాంతానిదో రాయండి: శెనక్కాయ దక్షిణ అమెరికాది, జీడి బ్రెజిల్‌ది, బంతి మెక్సికోది. టమోటా, చాక్లెట్, అవకాడో అనే మాటలు అజ్టెక్‌ల నావాట్ల్ భాషవి. ఆ భాష ఇప్పటికీ మెక్సికోలో మాట్లాడుతున్నారు, 'అంతరించిన అజ్టెక్‌లు' అని రాయద్దు.

తిరుపతివాళ్ళు ఆగి చదివే బోర్డు ఇది: అన్నమయ్య 1408 నుంచి 1503 దాకా ఉన్నారు. మిరపను పోర్చుగీసువాళ్ళు మన దేశానికి తెచ్చింది 16వ శతాబ్దంలో. ఆయన కాలపు వంటలో కారమంటే మిరియమే. ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో తద్దినం వంటకు మిరపకాయ, టమోటా, ఉర్లగడ్డ వాడరు. పిల్లలు ఇంటికి ఫోన్ చేసి అవ్వను అడిగితే జాబితా చెప్తుంది.

అటు పోయినదీ పెట్టండి. మామిడి ఇక్కడినుంచే పోయింది. బ్రెజిల్ పశువుల్లో అన్నిటికన్నా ఎక్కువగా పెంచే జాతి పేరు నెలోరె. మన ఒంగోలు జాతి సంతతే, నెల్లూరు పేరుతో అక్కడ నిలిచింది. ఎండకు, గోమార్లకు తట్టుకుంటుంది కనుక అంతగా వ్యాపించింది. ఈ బోర్డు దగ్గర బ్రెజిల్ విద్యార్థిని మాట్లాడమనండి, జనం అక్కడే గుమికూడతారు.

బంతిపూలు దసరా ముందు ధర ఎక్కుతాయి. ఆ బల్లకు 15 కిలోలు కావాలంటే ముందే చెప్పి పెట్టుకోండి.

స్పానిష్_తరగతి

చాలా ధన్యవాదాలు. అంటే బంతిపూల బల్ల సెప్టెంబరులోనే పెట్టచ్చా?

సాంబ్రాణి_పొగ

పెట్టద్దు తల్లీ. బంతితోట గారు చెప్పింది పంటల ప్రదర్శనకు పూలు. చనిపోయినవాళ్ళ బల్ల, ఒఫ్రెందా, నవంబరు 1, 2 తేదీలది. 1న చిన్నపిల్లల ఆత్మలకు, 2న పెద్దలకు. మహాలయ పక్షం కాని రోజున మనింట్లో పిండాలు అలంకారంగా పెట్టినట్టవుతుంది సెప్టెంబరులో పెడితే. 2008లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది కూడా ఆదివాసీ కుటుంబాలు జరుపుకునే ఆచారంగానే. పైగా అది మెక్సికోలో బలంగా ఉన్న ఆచారం, ముగ్గురి తరఫునా చేసేది కాదు.

మెక్సికో విద్యార్థి తనంతట తాను కావాలంటే నవంబరులో విడిగా చేయండి, ఎవరి ఫోటో పెట్టాలో ఆ మనిషే చెప్పాల. మెట్లు రెండో మూడో ఏడో. నీళ్ళ గ్లాసు, ఉప్పు, దీపం, ధూపం, పోయినవాళ్ళకు ఇష్టమైన తిండి, పూలరేకుల దారి. అక్కడ కోపాల్ అనే చెట్టు జిగురు కాలుస్తారు, దొరక్కపోతే సాంబ్రాణి వేయచ్చా అని కూడా ఆ విద్యార్థినే అడగండి. పుర్రె ముఖాలు గీసుకోవడం, హాలోవీన్ దయ్యాల బొమ్మలు వద్దు.

పైన కట్టే కత్తిరింపు కాగితాలు, పపెల్ పికాదో, సెప్టెంబరులో కూడా కట్టుకోవచ్చు. గాలిపటాల పలచని రంగు కాగితం తీసుకోండి, చార్ట్ కాగితమైతే గాలికి ఆడదు. ఎనిమిదేసి కాగితాలు కలిపి మడిచి కత్తిరించండి, పైన 3 సెంటీమీటర్లు దారం మీదికి మడవడానికి వదలండి. నీళ్ళ జిగురు అంటిస్తే రంగు కారుతుంది, గ్లూ స్టిక్ వాడండి. తేమ పడితే వేలాడిపోతాయి, అందుకని ఆరోజు మధ్యాహ్నం తరవాతే కట్టాల. దీపాలకు ఒక మీటరు దూరంలో.

ఎనిమిదక్షరాలు

పోస్టర్ల గురించి ఒకటి. స్పానిష్‌లో ఎన్ మీద అలగీత ఉన్న అక్షరం మన 'ఞ'. 'అఞో' అంటే సంవత్సరం. గీత పోయి 'అనో' అయితే మలద్వారం. ప్రింటింగ్ షాపులో ఫాంటు మారితే ఆ గీతే ముందు ఎగిరిపోతుంది. ప్రూఫ్ కాగితం మీద చూసి సంతకం పెట్టండి. పలకడానికి పేర్లు తెలుగులో రాసుకుంటే ఇంగ్లీషుకన్నా నయం: వాళ్ళ త, ద మనవే. రెండు ర్‌లు కలిసిన చోట నాలిక ఆడించాల, బండి ఱ తలుచుకోండి. 'పెరో' అంటే 'కానీ', 'పెఱో' అంటే కుక్క.

నృత్యం నేర్పేటట్టుంటే 40 నిమిషాలు, ఒక్కటే. సల్సా ఎనిమిది లెక్కలు: 1, 2, 3 అడుగు, 4 ఆగడం, 5, 6, 7 అడుగు, 8 ఆగడం. ఆది తాళం వేసినవాళ్ళకు ఆ ఎనిమిది వెంటనే పడుతుంది, కానీ ఆగే చోట ఆగరు. మొదటి పది నిమిషాలు పాట లేకుండా చప్పట్లతోనే చేయించండి. కొలంబియా నృత్యం కుంబియా కావాలంటే కొలంబియా విద్యార్థి నడిపితేనే పెట్టండి.

స్పానిష్_తరగతి

ముగ్గురినీ అడిగినాం. బ్యానరు మీద 'లాటిన్ అమెరికా' అని, కింద మూడు దేశాలు. ఒఫ్రెందా సంగతి మెక్సికో విద్యార్థి తరవాత చెప్తానన్నారు, మేం మళ్ళీ అడగం. రోటిపచ్చడి గారూ, మాకున్నది రెండు లీటర్ల గ్రైండర్. 5 కిలోలు ఎన్ని వాయిలు?

రోటిపచ్చడి

ఉడికినాక 5 కిలోలు 9 కిలోలకు పైనే అవుతుంది. గట్టి పిండి కాబట్టి వాయికి కిలో మించి వేయద్దు, మోటారు వేడెక్కుతుంది. తొమ్మిదో పదో వాయిలు, ఒక్కోటి 15 నిమిషాలు, మధ్యలో ఆరబెట్టడం కలిపి మూడు గంటలు పట్టుకోండి. పొద్దున 9కి మొదలుపెట్టి, రుబ్బింది రుబ్బినట్టు తడిగుడ్డ కప్పుతూ పోండి. ఇంకో గ్రైండర్ అరువు దొరికితే తెచ్చుకోండి.