ఇంటి మరమ్మతు, చలికాలపు సైకిల్: రెండూ కుదిరేదెలా?

నెల్లూరులో మా నాన్నగారు కట్టించిన ఇంటికి మరమ్మతులు చేయిస్తున్నాను. ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గాకే పని మొదలైంది. నేను సైకిల్ తొక్కే కాలం కూడా సరిగ్గా ఇదే. తెల్లవారుజామున బయలుదేరి మైపాడు తీరం చూసి వస్తే రానూపోనూ 40 కిలోమీటర్లకు పైనే. మార్చి దాటితే ఆ ఎండలో తొక్కలేను.

చిక్కంతా కొత్త సిమెంటు పూతతోనే. కనీసం 7 రోజులు తడి ఆరకూడదు. నిన్న తొమ్మిదింటికి తిరిగి వచ్చేసరికి తూర్పు గోడ తెల్లగా ఎండిపోయింది. కిటికీ మూలన వెంట్రుకంత పగులు. ప్రాణం ఉసూరుమంది. అమ్మ చేత బకెట్లు మోయించలేను కదా.

తడి గోనెపట్టాలు కడితే నాలుగు గంటలు ఆగుతుందా? ఆ పగులును కొట్టించి మళ్లీ పూయించాలా, లప్పం పెడితే చాలా? ఇల్లు బాగు చేయించుకుంటూనే సైకిల్ మాననివారు ఉంటే, ఉదయాలను ఎలా సర్దుకున్నారో దయచేసి చెప్పండి.