పని ఆగిన సెల్లారులో నిలిచిన నీరు: పురపాలక సంఘాన్ని ఏమని కోరాలి?

వానలు మొదలైనప్పటి నుంచి మా పట్టణంలో సాయంత్రం వేళ ఫాగింగ్ చేస్తున్నారు గానీ, ఆ పొగ ఎగిరే దోమలనే చంపుతుంది తప్ప నీటిలోని లార్వాను తాకదు. పైగా డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ ఎక్కువగా పగటిపూటే కుడుతుంది. మా వీధిలో నిర్మాణం ఆగిపోయిన అపార్ట్‌మెంటు సెల్లారు నిండా నీరుంది, యజమాని ఊళ్లో లేరు. అందులో లార్వాను చంపే మందు టెమిఫాస్ చల్లించమని అడగాలా, లార్వాను తినే గంబూసియా చేపలను వదలమనాలా (చెరువుల్లోనైతే అవి స్థానిక చేపలకు చేటు, ఇక్కడ బయటికి పోయే దారి లేదు), లేక నీరు తోడించాలనే పట్టుబట్టాలా? ప్రైవేటు స్థలంలోకి సిబ్బంది వెళ్లి పనిచేసేలా, ఆ ఖర్చు యజమాని నుంచే రాబట్టేలా కోరుతూ దరఖాస్తు కమిషనరుకు ఇవ్వాలా, పారిశుద్ధ్య విభాగానికా? ఇలాంటి పని చేయించిన అనుభవం ఉన్నవారు దరఖాస్తులో ఏయే వివరాలు రాశారో దయచేసి తెలియజేయగలరు.