సమస్యాపూరణం: "గొంతు నొక్కంగఁ బెట్టెకు గొంతు వచ్చె"

పృచ్ఛకులు, విజయనగరం: ఈసారి సమస్య తేటగీతి పాదం. విషయం: లినక్స్ కొత్తగా వేసుకున్న కంప్యూటర్‌లో మూగబోయిన శబ్దం. గొంతు నొక్కితే గొంతు రావడమనే విరోధాన్ని పరిహరించాలి. పద్యం చదివిన కొత్తవాడు పని చేసుకోగలగాలి, కాబట్టి యతితో పాటు కమాండు కూడా సరిచూస్తాను.

రాజాం:

మాస్టరడుగున రెండెమ్ము మార్కులుండ
తాళ మదియని గుర్తించి తడవు సేయ
కుండ నెమ్మీట నొకసారి కొట్టి చూడ
గొంతు నొక్కంగఁ బెట్టెకు గొంతు వచ్చె

పృచ్ఛకులు: బాగుంది. 'సేయ/కుండ' అని పదం పాదం దాటడం తేటగీతిలో దోషం కాదు. విషయం దగ్గర మాత్రం ఒక లోటుంది. టెర్మినల్‌లో (కమాండులు కొట్టే కిటికీలో) ఆల్సామిక్సర్ (alsamixer, శబ్దం మట్టాలను గీతలుగా చూపే ప్రోగ్రామ్) తెరవగానే చాలాసార్లు కనిపించేది అసలు కార్డు కాదు, డిఫాల్ట్ పరికరానికి చెందిన ఒకే ఒక్క గీత. ముందు ఎఫ్6 నొక్కి సౌండ్ కార్డును ఎంచుకోవాలి. అప్పుడు మాస్టర్, హెడ్‌ఫోన్, స్పీకర్, పీసీఎమ్ వరుసగా వస్తాయి. అడుగున రెండు 'ఎమ్'లుంటే ఆ గీత మూగ, రెండు సున్నాలుంటే తెరుచుకున్నట్టు; ఎమ్ మీట నొక్కితే మారుతుంది. మాస్టర్ ఒక్కటీ తెరిస్తే చాలదు, స్పీకర్ కింద కూడా 'ఎమ్'లు ఉండిపోవచ్చు. కుడి బాణంతో ఒక్కొక్క గీత మీదికీ వెళ్లి చూడాలి, పై బాణంతో మట్టం పెంచాలి. తెరిచినా మట్టం సున్నాలో ఉంటే వినపడేదేమీ లేదు.

సాలూరు:

శబ్ద మంతయు టీవీకె సాగుచుండ
ఆపి యాదారి యనలాగు నరసి యెంచ
ఎడమ కుడియని స్పీకరె యెఱుఁగఁ బలుక
గొంతు నొక్కంగఁ బెట్టెకు గొంతు వచ్చె

పృచ్ఛకులు: టీవీ దారి గొంతు నొక్కితే పెట్టెకు గొంతు రావడం! విరోధం చక్కగా విడిపోయింది. మూడో పాదంలో ఉన్నది స్పీకర్-టెస్ట్ (speaker-test) కమాండే కదా. దానికి '-సీ 2 -టీ వేవ్' (-c 2 -t wav) జోడిస్తే ఫ్రంట్ లెఫ్ట్, ఫ్రంట్ రైట్ అని ఒక్కో పక్కనుంచీ పలుకుతుంది. కంట్రోల్-సీ కొడితే ఆగుతుంది.

ఆమదాలవలస: మాస్టారూ, రెండో పాదంలో 'ఆపి' అన్న మాట దగ్గర నాకు అభ్యంతరం. గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉన్న డెస్క్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ (టీవీకి వెళ్లే దారి) వేరే కార్డుగా కనిపిస్తుంది, దాని ప్రొఫైల్‌ను ఆఫ్ చేయొచ్చు. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ, అనలాగ్ (పెట్టె స్పీకర్ దారి) రెండూ ఒకే కార్డు మీద ఉంటాయి. అక్కడ ఆఫ్ పెడితే రెండూ పోతాయి. పావు కంట్రోల్‌లో (pavucontrol, శబ్దపు దారులు మార్చే ప్రోగ్రామ్) కాన్ఫిగరేషన్ ట్యాబ్‌కు వెళ్లి అనలాగ్ స్టీరియో డూప్లెక్స్ ప్రొఫైల్ ఎంచుకుంటే చాలు. పైప్‌వైర్ (ప్రోగ్రాముల శబ్దాన్ని కార్డుకు చేర్చే సర్వీసు) ఉన్న యంత్రాల్లోనూ ఇది పనిచేస్తుంది. ఉబుంటు అనే లినక్స్ రకంలో 22.10 నుంచి డిఫాల్ట్‌గా వచ్చేది పైప్‌వైరే.

సాలూరు: ఒప్పుకుంటున్నానండి. "మార్చి యాదారి" అని దిద్దితే యతి 'మా'కు మారిపోతుంది, పాదమే కొత్తగా కట్టాలి. కట్టి పంపుతాను.

పలాస:

హెడ్డుఫోనులు పెట్టిన నొదిగిపోయి
తీసివేసిన తరువాత తిరిగి రాని
శబ్దమునకయి యాటోను చంపివేయ
గొంతు నొక్కంగఁ బెట్టెకు గొంతు వచ్చె

పృచ్ఛకులు: మొదటి పాదంలో యతి తప్పింది. 'హె'కు 'నొ' కుదరదు. "పెట్టిన నింకిపోయి" అంటే 'పెట్టినన్+ఇంకి' అవుతుంది, 'హె'కు 'ఇ' చెల్లుతుంది. భావం మాత్రం నాకు అన్నిటికంటే నచ్చింది, ఎందుకంటే కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. ప్లగ్ తీసినా లోపలి స్విచ్ పెట్టే ఉందని చెబుతుంటే స్పీకర్ మూసుకునే ఉంటుంది. ముందు ప్లగ్‌ను నాలుగైదుసార్లు పెట్టి తీయాలి, దుమ్ము ఉంటే పోతుంది. అప్పటికీ రాకపోతే ఆల్సామిక్సర్‌లో కుడి చివర ఆటో-మ్యూట్ మోడ్‌ను డిసేబుల్డ్ చేయాలి. ఆ గీత అన్ని కార్డులకూ ఉండదు. డిసేబుల్ చేశాక హెడ్‌ఫోన్ పెట్టినా స్పీకర్ మోగుతూనే ఉండవచ్చు, అది లోపం కాదు.

టెక్కలి: పూరణ కాదు, ఒక ముందుమాట. 'ఏప్లే -ఎల్' (aplay -l, ఎల్ చిన్నక్షరం) కొడితే కార్డే కనిపించకపోతే ఈ పద్యాల్లో ఏదీ పనిచేయదు. నొక్కడానికి గొంతే లేదు. కొత్త ఇంటెల్ ల్యాప్‌టాప్ అయితే చాలాసార్లు ఎస్ఓఎఫ్ ఫర్మ్‌వేర్ (సౌండ్ చిప్‌కు కావలసిన ఫైళ్లు) లేకపోవడమే కారణం. లినక్స్ రకాన్ని బట్టి దాని ప్యాకేజీ పేరు: డెబియన్‌లో ఫర్మ్‌వేర్-సోఫ్-సైన్డ్ (firmware-sof-signed), ఫెడోరాలో ఆల్సా-సోఫ్-ఫర్మ్‌వేర్ (alsa-sof-firmware), ఆర్చ్‌లో సోఫ్-ఫర్మ్‌వేర్ (sof-firmware). వేసుకుని రీబూట్ చేయాలి. కార్డు కనిపిస్తూ డెస్క్‌టాప్‌లో మాత్రం డమ్మీ ఔట్‌పుట్ అని ఉంటే 'సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ రీస్టార్ట్ పైప్‌వైర్ పైప్‌వైర్-పల్స్ వైర్‌ప్లంబర్' (systemctl --user restart pipewire pipewire-pulse wireplumber) కొట్టాలి. దీనికి ముందు సుడో (sudo, అడ్మిన్ హక్కులతో నడపమనే మాట) పెట్టకూడదు, ఆ సర్వీసులు మన లాగిన్ కింద నడుస్తాయి.

బొబ్బిలి:

పనస వీణను మెట్టుపైఁ బట్టి తంత్రి
నొక్క నాదమ్ము పుట్టును, నోరులేని
యంత్రమున కెమ్ము మీటయె యట్టి తంత్రి
గొంతు నొక్కంగఁ బెట్టెకు గొంతు వచ్చె

పృచ్ఛకులు: వీణలు చేసే ఊరి పూరణ! పనస మానులోంచి తొలిచిన వీణకు మెట్టు మీద తంత్రిని నొక్కితేనే స్వరం. అది తలుచుకుంటే సమస్యలో విరోధమే మిగలలేదు. ఈ వారం మొదటి స్థానం మీది.

రాజాం: బొబ్బిలి వారికి నమస్కారం. ఒక్క సందేహం: నొక్కి తెరిచినది రీబూట్ తర్వాత మళ్లీ మూసుకుంటే?

బొబ్బిలి: మామూలుగా షట్‌డౌన్ చేసినప్పుడు దానంతటదే భద్రమవుతుందండి. కరెంటు పోయి పెట్టె ఉన్నపళంగా ఆగిపోతే కాదు. అందుకని మట్టాలు సరిపెట్టిన వెంటనే 'సుడో ఆల్సాసీటీఎల్ స్టోర్' (sudo alsactl store) ఒకసారి కొట్టండి.